సముద్ర జీవుల్లో తెగిన భాగం మళ్లీ పెరిగేటప్పుడు జన్యువులు ఏం చేస్తాయి? – తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో డిగ్రీ, పీజీ పిల్లలకు జువాలజీ చెబుతాను. రీజనరేషన్ (తెగిన భాగం మళ్లీ పెరగడం) అంటే మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ, ఒక బొమ్మ. హైడ్రాను రెండుగా కోస్తే రెండు హైడ్రాలు వస్తాయని రాసి ఐదు మార్కుల ప్రశ్నతో సరిపెడతారు. అదెలా సాధ్యమన్న కుతూహలం ఉన్నవాళ్లు క్లాసయ్యాక ఆగి అడుగుతారు. కొందరి ఇళ్లలోని పెద్దవాళ్లు కూడా ఫోన్ చేసి అడుగుతారు. మళ్లీ మళ్లీ వచ్చే ఆ ప్రశ్నలకు జవాబులు ఒకచోట ఉంటే మంచిదని ఇవి రాస్తున్నాను.

జన్యు వ్యక్తీకరణ అంటే ఏమిటి?

డీఎన్ఏలో ఉన్న ఒక జన్యువును కణం చదివి, దాని నకలుగా ఎంఆర్ఎన్ఏ తయారు చేసుకుని, ఆ ఎంఆర్ఎన్ఏ ప్రకారం ప్రొటీన్ కట్టడం. శరీరంలోని దాదాపు అన్ని కణాల్లోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది. కండర కణం, నాడీ కణం వేర్వేరుగా ఉండటానికి కారణం ఒక్కొక్కటి ఒక్కో రకం జన్యువుల జట్టును చదవడమే. ఏ జన్యువును, ఎప్పుడు, ఎక్కడ, ఎంత చదువుతున్నారన్నదే జన్యు వ్యక్తీకరణ.

ఇందులో "ఎప్పుడు" అన్న మాటను మర్చిపోకండి. కింద రాసిన సగం జవాబులు దాని చుట్టూనే తిరుగుతాయి.

సీ అనిమోన్‌కు తల మళ్లీ వస్తుంది, మనకు వేలు రాదు. వాటి దగ్గర మన దగ్గర లేని జన్యువు ఏదైనా ఉందా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. మనకు లేని "రీజనరేషన్ జన్యువు" ఒకటి వాటి దగ్గర ఉందనీ, దాన్ని పట్టుకుంటే పని అయిపోతుందనీ చాలామంది అనుకుంటారు. డేటా మాత్రం అలా చెప్పడం లేదు.

సీ అనిమోన్ అంటే ఒకచోట అతుక్కుని పువ్వులా కనిపించే సముద్ర జంతువు. నెమటోస్టెల్లా వెక్టెన్సిస్ అనే చిన్న సీ అనిమోన్ జీనోమ్ (మొత్తం డీఎన్ఏ వివరం) 2007లో వెలువడింది. అందులో దాదాపు 18,000 జన్యువులు ఉన్నట్టు అంచనా వేశారు. ప్రొటీన్లకు సంబంధించినంత వరకు మన జన్యువుల సంఖ్య 20,000 దరిదాపుల్లో ఉంటుంది. అంతకంటే విశేషం 2005లోనే బయటపడింది. జంతువుల శరీరానికి ముందు వెనకలు నిర్ణయించే వింట్ అనే జన్యు కుటుంబంలో అప్పటికి తెలిసిన 12 ఉపకుటుంబాల్లో కనీసం 11 ఈ అనిమోన్‌లో ఉన్నాయి. ఈగ దగ్గర ఉన్న వింట్ జన్యువులు ఏడే. మెదడు కూడా లేని జీవి దగ్గర ఈగకంటే పెద్ద సామగ్రి ఉందన్నమాట. రీజనరేషన్‌లో పేరు వినిపించే వింట్, ఎఫ్‌జీఎఫ్, బీఎంపీ, నాచ్, ఈజీఆర్ లాంటి జన్యువులన్నీ మన దగ్గర కూడా ఉన్నాయి.

కాబట్టి తేడా ఎక్కువగా వాడకంలో ఉంది. గాయం తగిలాక ఏ జన్యువు ఏ గంటకు మొదలవుతుంది, దాని వెనక ఏది కదులుతుంది, ఏది ఎప్పుడు ఆగుతుంది అన్న వరుసలో ఉంది. మన శరీరం గాయాన్ని వెంటనే మూసేసి, పీచు కణజాలంతో మచ్చ కట్టి ఊరుకుంటుంది. అనిమోన్ గాయం మూశాక కూడా పని కొనసాగిస్తుంది.

ఏయే సముద్ర జీవుల్లో దీన్ని చదువుతున్నారు?

నెమటోస్టెల్లా గురించి పైన చెప్పాను. ఉత్తర అమెరికా తీరాల్లో, ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఉప్పు కయ్యల బురదలో బతుకుతుంది. కొన్ని సెంటీమీటర్లకు మించదు.

హైడ్రాక్టీనియా అనేది హైడ్రాకు చుట్టమైన సముద్ర జీవి. ఖాళీ గుల్లల్లో దూరి తిరిగే హెర్మిట్ పీతలుంటాయి కదా, ఆ గుల్ల మీద గుంపుగా పెరుగుతుంది. నీమియాప్సిస్ అనే కోంబ్ జెల్లీ (జెల్లీ చేపలా కనిపించే పారదర్శక జీవి) గాయం కొన్ని గంటల్లోనే మచ్చ లేకుండా మూసుకుంటుంది. కోల్పోయిన భాగం కొద్ది రోజుల్లో వస్తుంది. సముద్ర దోసకాయ ప్రమాదం వస్తే తన పేగులను బయటికి కక్కేసి, కొన్ని వారాల్లో కొత్తవి కట్టుకుంటుంది. లింకియా జాతి సముద్ర నక్షత్రాల్లో కొన్నింటికి ఒక్క చేయి మిగిలితే చాలు, దాని నుంచి మొత్తం శరీరం వస్తుంది. బోట్రిల్లాయిడిస్ అనే ట్యూనికేట్ (రాళ్లకు అతుక్కుని గుంపుగా బతికే మెత్తటి జీవి) రక్తనాళాల చిన్న ముక్క నుంచి పూర్తి జీవిగా తయారవుతుంది. ఈ చివరిది మనకు బంధుత్వంలో దగ్గరిది, వెన్నెముక జీవుల దాయాదుల గుంపులోది. అందుకే నాకు దాని మీద ప్రత్యేకమైన ఇష్టం.

2021లో జపాన్ పరిశోధకులు ఎలీసియా అనే సముద్రపు నత్త గురించి ప్రచురించారు. అది తన శరీరాన్ని తానే తెంచేసుకుంటుంది. మిగిలిన తల పాకుతూ తింటూ, మూడు వారాల్లో గుండెతో సహా కొత్త శరీరం పెంచుకుంటుంది.

హైడ్రా మంచినీటిది, సముద్రపుది కాదు. అయినా అది అనిమోన్‌కు, జెల్లీ చేపకు చుట్టం. పైగా ఈ శాస్త్రం దానితోనే మొదలైంది. 1740లో అబ్రహం ట్రెంబ్లీ హాలండ్‌లో దాన్ని కోసి చూశాడు. అందుకని కొన్ని జవాబుల్లో దాని పేరు వస్తుంది.

కోసిన క్షణం నుంచి ఏం జరుగుతుంది?

నెమటోస్టెల్లా శరీరం సన్నని పారదర్శక గొట్టం. పైన నోరు, దాని చుట్టూ ఆహారాన్ని పట్టే తీగల్లాంటి స్పర్శకాలు పదహారు దాకా, నోటి కింద గ్రసని (గొంతు గొట్టం), లోపల నిలువుగా ఎనిమిది మీసెంటరీ పొరలు. మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్లలో ఉంచితే కండరాలు సడలి ముడుచుకోకుండా ఉంటుంది. అప్పుడు గ్రసని కింద అడ్డంగా కోస్తారు. తలలేని గొట్టం మిగులుతుంది.

సూక్ష్మదర్శిని కింద చూస్తే, ముందు గోడ అంచులు లోపలికి ముడుచుకుని దగ్గరవుతాయి. దాదాపు ఆరు గంటల్లో రంధ్రం మూసుకుంటుంది. ఆ తర్వాత కొన్ని గంటలు పైకి ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. కొత్తగా చూసేవాళ్లు జంతువు చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడేది ఇక్కడే. నిజానికి లోపల మీసెంటరీ పొరల కొసలు మూసుకున్న గాయం దగ్గరికి వచ్చి దాన్ని తాకుతున్నాయి. ఆ తాకిన చోటే కణ విభజన ఊపందుకుంటుంది. మీసెంటరీలను తీసేసిన గొట్టంలో గాయం మూసుకుంటుంది గానీ తల రాదు. రెండు మూడు రోజులకు గ్రసని రూపం కడుతుంది. పై అంచున స్పర్శకాల మొలకలు చిన్న బుడిపెల్లా లేస్తాయి. దాదాపు ఆరో రోజుకు నోరు తెరిచి తినే జంతువు మళ్లీ సిద్ధం.

ఇక జన్యువుల వైపు నుంచి చూద్దాం. గాయమైన మొదటి క్షణాల్లో, నిమిషాల్లో కొత్త ఎంఆర్ఎన్ఏకు టైమ్ ఉండదు. కణాల్లో కాల్షియం అల, చురుకైన ఆక్సిజన్ అణువులు వార్తను మోస్తాయి. తర్వాత కణంలో ముందే సిద్ధంగా ఉన్న ఈఆర్‌కే లాంటి సంకేత ప్రొటీన్లు మేల్కొంటాయి. మొదటి గంటల్లో లేచేవి ఫాస్, జున్, ఈజీఆర్ లాంటి జన్యువులు. ఇవి తయారు చేసే ప్రొటీన్లు కేంద్రకంలోకి వెళ్లి ఇతర జన్యువులను కదిలిస్తాయి. ఆ గంటల్లోనే కొన్ని కణాలు ఒక పద్ధతి ప్రకారం చనిపోతాయి. దీన్ని అపొప్టోసిస్ అంటారు. ఆ చావును మందుతో ఆపితే తల పెరగడం కూడా ఆగిపోతుంది. ఈఆర్‌కే దారిని మూసేసినా ఫలితం అదే.

ఒక రోజు దాటేసరికి కణ విభజన జన్యువులు పైకొస్తాయి. ఆపైన వింట్, బీఎంపీ లాంటి దిశ నిర్ణయించేవి, చివరగా కండరం, నాడి, దంశకణం (కుట్టే కణం) లాంటి పని కణాల జన్యువులు వస్తాయి. మినీకొలాజెన్ జన్యువు లేచిందంటే కొత్త దంశకణాలు తయారవుతున్నాయని అర్థం, ఎందుకంటే కుట్టే తిత్తి గోడను దానితోనే కడతాయి.

ఒక అలలో లేచినవి తర్వాతి అల వచ్చేసరికి తగ్గాలి. పాఠాల్లో దీన్ని ఎవరూ నొక్కి చెప్పరు, నేను తప్పకుండా చెబుతాను. ఫాస్, జున్ ఆరో రోజు దాకా అలాగే మోగుతూ ఉంటే అది రీజనరేషన్ కాదు, మానని పుండు.

పిండంలో వాడిన ప్రోగ్రామ్‌నే మళ్లీ నడుపుతుందా?

కొంతవరకే. చాలాకాలం "రీజనరేషన్ అంటే పిండాభివృద్ధి రెండోసారి జరగడం" అని చెప్పేవారు. వినడానికి బాగుంటుంది. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఒక బృందం నెమటోస్టెల్లా పిండంలో గంట గంటకూ, కోసిన జంతువులో గంట గంటకూ జన్యు వ్యక్తీకరణను కొలిచి పక్కపక్కన పెట్టింది. ఆ డేటాను ఎన్‌వర్టెక్స్ పేరుతో అందరికీ ఉచితంగా ఇచ్చింది.

అందులో తేలిందేమిటంటే, పిండంలో వాడిన జన్యువుల్లో ఒక భాగమే మళ్లీ వాడకంలోకి వస్తుంది. అవి కూడా అదే వరుసలో, అదే జట్లుగా రావు. పిండంలో వేర్వేరు సమయాల్లో పనిచేసినవి ఇక్కడ ఒకే జట్టుగా చేరవచ్చు. అపొప్టోసిస్‌కు సంబంధించినవి రీజనరేషన్‌లోనే ప్రత్యేకంగా కనిపిస్తాయి.

ఆలోచిస్తే ఇది సహజమే. పిండం ఖాళీ జాగాలో ఇల్లంతా కొత్తగా కడుతుంది. కోసిన జంతువులో పాత కణజాలం బతికే ఉంది, గాయం ఉంది, చచ్చిన కణాలున్నాయి. కొత్త భాగం పాతదానికి అతుక్కోవాలి, సైజు సరిపోవాలి. పిండానికి ఈ సమస్యలేవీ లేవు.

తల రావాలో, అడుగు రావాలో కణాలకు ఎలా తెలుస్తుంది?

హైడ్రా తల కోసేస్తే గంటన్నర లోపే ఆ కొసన వింట్3 అనే జన్యువు పనిచేయడం మొదలవుతుంది. తల వచ్చేది మూడు రోజులకు. అంటే తల రాకముందే "ఇక్కడ తల" అన్న నిర్ణయం జరిగిపోయింది.

1909లో ఎథెల్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త హైడ్రా నోటి కొస నుంచి చిన్న ముక్క తీసి మరో హైడ్రా నడుముకు అతికించింది. అక్కడ రెండో తల, రెండో శరీరం వచ్చాయి. చుట్టూ ఉన్న కణాలను తన మాట వినేలా చేసే గుంపు ఒకటి ఉంటుందని అలా మొదటిసారి తెలిసింది. ఇదే ఆలోచనతో ఉభయచరాల మీద స్పీమాన్, హిల్డె మాంగోల్డ్ చేసిన ప్రయోగం 1924లో వచ్చింది, పుస్తకాలన్నింటికీ అదే ఎక్కింది. ఎథెల్ బ్రౌన్ పేరు మన సిలబస్‌లో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

నెమటోస్టెల్లాలో వింట్ దారిని మందుతో బలవంతంగా నడిపిస్తే, అడుగు రావాల్సిన గాయం దగ్గర కూడా నోరు, స్పర్శకాలు వస్తాయి. అంటే వింట్ "నోటి వైపు" అని చెబుతోంది.

ప్లనేరియా అనే చదునైన పురుగు దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ వింట్ దారి "తోక వైపు" అని చెబుతుంది. దాన్ని నడిపే బీటా కటెనిన్ అనే ప్రొటీన్‌ను ఆపేస్తే తోక ఉండాల్సిన చోట తల వస్తుంది. ఇది 2008లో తెలిసింది. ఒకే సంకేతం ఒక జీవిలో తల వైపు, మరోదానిలో తోక వైపు. అందుకే "వింట్ అంటే తల జన్యువు" అని పరీక్షలో రాస్తే నేను మార్కులు వేయను.

ఈజీఆర్ గురించి వార్తల్లో "మాస్టర్ స్విచ్" అని చదివాం. నిజమేనా?

ఆ వార్తలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన గురించి. హార్వర్డ్‌లో మాన్సీ శ్రీవాస్తవ బృందం హాఫ్‌స్టీనియా అనే సముద్రపు పురుగు మీద చేసింది. బెర్ముడా నుంచి తెచ్చి ల్యాబ్‌లో పెంచుతున్న పురుగు అది. ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్క పూర్తి పురుగు అవుతుంది.

డీఎన్ఏ కేంద్రకంలో ప్రొటీన్ల చుట్టూ బిగుతుగా చుట్టుకుని ఉంటుంది. చుట్ట వదులైన చోటే జన్యువును చదవగలరు. కోసిన తర్వాత ఏ సమయానికి ఏ చోట్లు వదులవుతున్నాయో అటాక్-సీక్ అనే పద్ధతితో ఈ బృందం చూసింది. ఈజీఆర్ ప్రొటీన్ కూర్చునే చోట్లు చాలా త్వరగా తెరుచుకుంటున్నాయి. ఈజీఆర్‌ను ఆపేస్తే ఆ చోట్లు తెరుచుకోవు, రీజనరేషన్ జరగదు. అంటే మిగతా జన్యువులకు దారి తెరిచేది ఈజీఆర్.

మరి ఈజీఆర్ మనకూ ఉంది, మన గాయాల్లోనూ పనిచేస్తుంది. మనకు వేలు ఎందుకు రాదు? ఈజీఆర్ కదిలించాల్సిన జన్యువులకు, దానికి మధ్య ఉన్న అనుసంధానం రెండు జీవుల్లో ఒకటి కాదు. "మాస్టర్ స్విచ్" అన్న హెడ్డింగ్ ఈ సంగతిని మింగేస్తుంది. స్విచ్ ఒక్కటే అయినా దానికి ఏమేం కలిపారన్నది వేరు.

కొత్త కణాలు ఎక్కడి నుంచి వస్తాయి?

జీవిని బట్టి. హాఫ్‌స్టీనియాలో నియోబ్లాస్టులు అనే మూలకణాలు (ఇతర రకాల కణాలుగా మారగలవి) శరీరమంతా ఉంటాయి. హైడ్రాక్టీనియాలో ఐ-కణాలు అనే మూలకణాలు ఉన్నాయి. తల తెగితే అవి కింది నుంచి గాయం దగ్గరికి వలస వస్తాయి. అయితే ఐ-కణాలే లేని చిన్న తల ముక్కను వేరు చేసినా అది కొత్త శరీరాన్ని పెంచుకోగలదని, అందులో కొన్ని కణాలు ముసలివైనట్టు మారి, ఇచ్చిన సంకేతాలతో పక్క కణాలు మళ్లీ మూలకణాలుగా మారుతున్నాయని 2023లో చూపించారు. వృద్ధాప్యపు గుర్తు అనుకున్నది ఇక్కడ కొత్త శరీరానికి ఆరంభమవుతోంది.

స్పంజికల విషయం ఇంకో రకం. 1907లో హెచ్.వి. విల్సన్ స్పంజికను సన్నటి పట్టుబట్టలోంచి పిండి, కణాలను విడివిడిగా చేశాడు. అవి పాత్ర అడుగున పాకుతూ ఒకదాన్నొకటి చేరి మళ్లీ స్పంజిక అయ్యాయి.

ఏ జన్యువు పనిచేస్తోందో ఎలా కొలుస్తారు?

నాలుగు పద్ధతులు చాలు, మిగతావన్నీ వాటి పిల్లలే.

క్యూపీసీఆర్‌లో కొన్ని ఎంచుకున్న జన్యువుల నకళ్లను విడతలుగా రెట్టింపు చేస్తూ కొలుస్తారు. ఎన్నో విడతకు సంకేతం కనిపించిందో చెప్పేది సీటీ విలువ. సీటీ విలువ ఒకటి తగ్గిందంటే ఎంఆర్ఎన్ఏ సుమారు రెట్టింపు ఉన్నట్టు. కోయని జంతువులో సీటీ 25, కోసిన ఆరు గంటలకు 22 అయితే తేడా 3. రెండు, రెండు, రెండు గుణిస్తే 8 రెట్లు. పోల్చడానికి పెట్టుకున్న హౌస్‌కీపింగ్ జన్యువు (కణం రోజువారీ పనికి ఎప్పుడూ నడిచేది) రెండు చోట్లా కదలకుండా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. రీజనరేషన్‌లో ఆక్టిన్ లాంటివి కూడా కదలొచ్చు కాబట్టి ముందు వాటిని పరీక్షించుకోవాలి.

ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌లో జంతువు మీదే రంగు పడుతుంది. ఎంఆర్ఎన్ఏ ఎక్కడుందో కళ్లారా కనిపిస్తుంది. పని ఎక్కువ, ఓపిక కావాలి. అయినా నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే.

ఆర్ఎన్ఏ-సీక్‌లో ముక్కలోని అన్ని జన్యువుల ఎంఆర్ఎన్ఏ ఒకేసారి చదువుతారు. కానీ వచ్చేది వేల కణాల సగటు. క్లాసు సగటు రెండు మార్కులు పెరిగిందంటే అందరూ రెండేసి మార్కులు పెంచుకున్నారా, లేక ఒకరిద్దరే బాగా చదివారా తెలియదు కదా. ఆ సందేహం తీర్చడానికే సింగిల్ సెల్ ఆర్ఎన్ఏ-సీక్ వచ్చింది. నెమటోస్టెల్లాకు 2018లో, హైడ్రాకు 2019లో అలాంటి కణాల పటాలు వెలువడ్డాయి. హైడ్రా పటంలో దాదాపు 25,000 కణాలున్నాయి.

శాంపిల్ తీసే విషయంలో ఒక్క మాట. కోసే ముందు జంతువులను పస్తు ఉంచాలి. లేకపోతే అవి తిన్న ఆర్టీమియా రొయ్యపిల్లల ఆర్ఎన్ఏ కూడా మీ ట్యూబ్‌లోకి వస్తుంది. ప్రతి టైమ్ పాయింట్‌కూ కోయని జంతువును అదే పూట పక్కన పెట్టుకోండి, ఎందుకంటే పగలు రాత్రి తేడాకే చాలా జన్యువులు కదులుతాయి. ఆర్ఎన్ఏ ఇట్టే చెడిపోతుంది. మే నెలలో ఏసీ ఆగిపోయిన ల్యాబ్‌లో ఐస్ బాక్స్ లేకుండా ట్యూబ్ పట్టుకుని నిలబడకండి.

జన్యువు ఎక్కువైనట్టు డేటాలో వచ్చింది. అదే కారణమని రాసేయొచ్చా?

వద్దు. ప్రాజెక్టు రిపోర్టుల్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ముందు గణాంకాల సంగతి. 18,000 జన్యువులను పరీక్షించి, పీ విలువ (మార్పు లేకున్నా ఇలాంటి తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువ ఉన్నవన్నీ నిజమనుకుంటే, అసలు ఏ మార్పూ లేకపోయినా 900 జన్యువులు కేవలం యాదృచ్ఛికంగా జాబితాలోకి వస్తాయి. 18,000ను 0.05తో గుణించి చూడండి. అందుకే జాబితాలో తప్పుగా చేరేవాటి వాటాను అదుపులో పెట్టే ఎఫ్‌డీఆర్ సవరణ తప్పనిసరి. ఒకే జంతువు నుంచి తీసిన మూడు ట్యూబులు మూడు శాంపిళ్లు కావు, వేర్వేరు జంతువులు కావాలి.

తర్వాత అసలు విషయం. జన్యువు లేవడం కారణమా, ఫలితమా, లేక గాయమైతే ఎక్కడైనా లేచేదా? ఇది తేలాలంటే దాన్ని ఆపి చూడాలి. జన్యువును అణచే ఆర్ఎన్ఏఐ, షార్ట్ హెయిర్‌పిన్ ఆర్ఎన్ఏ, డీఎన్ఏనే కత్తిరించే క్రిస్పర్ ఉన్నవి అందుకే. ఇంకో చవకైన పరీక్ష కూడా ఉంది. భాగం ఏదీ పోకుండా చిన్న గాటు పెట్టిన జంతువును, తల కోసిన జంతువును పక్కపక్కన కొలవండి. రెండింటిలోనూ లేచినవి గాయానికి సంబంధించినవి. తల కోసినదానిలోనే లేచినవి అసలు ఆసక్తికరమైనవి.

ఎంఆర్ఎన్ఏ పెరిగితే ప్రొటీన్ కూడా అంతే పెరగాలని రూలేమీ లేదు. ఈఆర్‌కే విషయంలో చూశాం, ఉన్న ప్రొటీనే మేల్కొని పని మొదలుపెడుతుంది. ఆర్ఎన్ఏ-సీక్‌లో అది కనిపించదు.

సముద్రం లేని హైదరాబాద్‌లో ఈ పని చేయగలమా?

చేయగలం. నెమటోస్టెల్లా కయ్యల్లో బతికే జీవి కాబట్టి సముద్రపు నీటిలో మూడో వంతు ఉప్పదనం చాలు. ఆక్వేరియం షాపుల్లో దొరికే కృత్రిమ సముద్రపు ఉప్పును ఆర్ఓ నీళ్లలో కలిపి వాడొచ్చు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు మాత్రం వద్దు, క్లోరిన్, గట్టి లవణాలతో లెక్క తప్పుతుంది. ఆహారం ఆర్టీమియా పిల్లలు. అసలు ఇబ్బంది వేడి. ఇవి చల్లదనం కోరుకునే జీవులు, మన ఎండాకాలంలో ఇన్‌క్యుబేటర్ లేకుండా నిలవవు. ఈ జాతి మన తీరాలది కాదు కాబట్టి, అనుమతులున్న పరిశోధన సంస్థ ద్వారా తప్ప తెప్పించుకోకూడదు. వాడిన నీళ్లను కూడా అలాగే పారబోయకూడదు.

జంతువు లేకుండా కూడా చాలా చేయొచ్చు. ఎన్‌సీబీఐ అనే అమెరికా సంస్థ ఆన్‌లైన్ భాండాగారాల్లో ఈ జీవుల ఆర్ఎన్ఏ-సీక్ డేటా ఉచితంగా ఉంది. గెలాక్సీ అనే ఆన్‌లైన్ వేదిక మీద కోడ్ రాయకుండానే విశ్లేషించవచ్చు. 1977లో మొదలైన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) హబ్సిగూడలో ఉన్న ఊరు ఇది. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, తార్నాకలో ఉస్మానియా ఉంది. సీక్వెన్సింగ్ గురించి అడగడానికి మనుషులు దొరకని ఊరు కాదు. మన దేశంలో హైడ్రా మీద పుణేలోని అఘార్కర్ సంస్థలో, ఐసర్‌లో పని జరిగింది. ప్లనేరియా మీద బెంగళూరు ఇన్‌స్టెమ్‌లో జరిగింది. ఆ పేపర్లతో మొదలుపెట్టండి, పద్ధతులు మన పరిస్థితులకు దగ్గరగా ఉంటాయి.

వైజాగ్ వెళ్లినప్పుడు రాళ్ల మధ్య నుంచి సముద్ర జీవులను తెచ్చుకోవచ్చా?

దయచేసి తేవద్దు. సముద్ర దోసకాయలను, పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, పులితో సమానంగా. తెలియక తెచ్చామంటే చట్టం ఒప్పుకోదు. మిగతావి కూడా రాత్రి బస్సులో హైదరాబాద్ చేరేలోపు ఆక్సిజన్ అందక చస్తాయి. చూడండి, ఫొటో తీయండి, అక్కడే వదిలేయండి.

కణాలు ఇంతగా విభజిస్తే క్యాన్సర్ రాదా?

రావచ్చు. హైడ్రాలో సహజంగానే కణితులు వస్తాయని 2014లో ప్రచురించారు. వింట్ దారి మన పెద్దపేగు క్యాన్సర్లలో కూడా అదుపు తప్పుతుంది. రీజనరేషన్ బాగా చేసే జీవుల్లో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వాటి పెరుగుదల కాదు, ఆగడం. స్పర్శకాలు సరిపోయాక పెంచే జన్యువులు ఎలా తగ్గుతాయన్నది మొదలయ్యే విధానం కంటే తక్కువగా చదివిన విషయం. పీహెచ్‌డీకి సబ్జెక్టు వెతుక్కునేవాళ్లు అటు చూడండి.

మా నాన్నగారికి షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. ఈ పరిశోధనలతో మళ్లీ వచ్చే అవకాశం ఉందా?

ఇది ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, అడిగేటప్పుడు గొంతులో ఆశ ఉంటుంది. ఈ రోజు అలాంటి చికిత్స లేదు. పిల్లల్లో గోరు కిందిభాగం మిగిలి ఉంటే వేలి కొస కొంత మళ్లీ పెరుగుతుంది, కాలేయం పెరుగుతుంది. కోల్పోయిన వేలు పెరగదు. పెంచుతామని ఎవరైనా మూలకణాల ఇంజెక్షన్ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి. మిగిలిన కాలిని కాపాడుకోవడం ఇప్పుడు ముఖ్యం. రోజూ పాదాలు చూసుకోవాలి, స్పర్శ తగ్గిందేమో డాక్టర్‌తో పరీక్ష చేయించాలి, చెప్పులు లేకుండా నడవకూడదు, చిన్న పుండైనా ఆ రోజే చూపించాలి.

సముద్ర దోసకాయ క్యాప్సూల్స్ తింటే కీళ్లు మళ్లీ పెరుగుతాయా?

పెరగవు. తిన్న ప్రొటీన్ పొట్టలో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఆ జీవి సామర్థ్యం దాని కణాల్లో జన్యువులు నడిచే వరుసలో ఉంది, పొడిలో ఉండదు. పైగా ఇలాంటి వ్యాపారం వల్లే చాలాచోట్ల సముద్ర దోసకాయలు తరిగిపోయాయి.

డిగ్రీ చదువుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేయండి. నిజమైన ల్యాబ్‌లో రెండు నెలలు గడపొచ్చు. పీజీకి గ్యాట్-బీ, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలు ఉన్నాయి. లెక్కల విశ్లేషణకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోండి, గణాంకాలంటే భయం ఉంటే ముందు దాన్నే వదిలించుకోండి.

ఈ వారాంతంలోనే ఏదైనా చేయాలనిపిస్తే ఎన్‌వర్టెక్స్ తెరిచి, ఈజీఆర్ కుటుంబంలోని ఒక జన్యువును వెతకండి. పిండంలో దాని గ్రాఫ్, కోసిన జంతువులో దాని గ్రాఫ్ పక్కపక్కన వస్తాయి. ఎన్నో గంటకు లేచింది, ఎన్నో గంటకు దిగింది, రెండు గ్రాఫుల ఆకారం ఒకటేనా అని నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత వింట్ కుటుంబంలో ఒకదానికి, మినీకొలాజెన్‌కు అదే చేయండి. మూడింటినీ ఒకే కాగితం మీద గీశాక వచ్చే సందేహాలను రాసి పట్టుకురండి.